తూర్పు గోడ కింద

2వ తేదీ, మధ్యాహ్నం
ఆఫీసులో

బాబాయ్,

కవరు మీద నా దస్తూరీ చూడగానే నువ్వు దీన్ని తీసుకెళ్లి పొయ్యిలో పడేసినా నేనేమీ అనుకోను. పొద్దుట్నుంచి రెండుసార్లు ఫోన్ చేసి, అటు మోగేలోపే పెట్టేశాను. గొంతుతో చెప్పగలిగేది కాదిది. నీకు తెలిసిన సంగతులు కూడా మొదట్నుంచీ రాస్తాను, విసుక్కోకు. ఇరవై రెండో తారీఖు విచారణలో ఈ కాగితం నువ్వు వాళ్ల ముందు పెట్టాల్సి రావచ్చు. కొత్తగా చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి.

ముందు అసలు మాట. లైబ్రరీ తూర్పు సగం కూలడానికి కారణం "పునాదిలో లోపం" అని విచారణ కమిటీ రిపోర్టులో ఉంది చూడు, ఆ మాట కమిటీది కాదు, శాస్త్రజ్ఞులదీ కాదు. నాది. నేను చేసిన తప్పు అనువాదం అది. నీ పునాదిలో లోపం ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదు బాబాయ్, నేను తప్ప.

ఈ అనువాదాల ఆఫీసులో చేరక ముందు తొమ్మిదేళ్లు పత్రికలో పనిచేశానని నీకు తెలుసు. ఇంగ్లీషులో వచ్చిన వార్తని తెలుగు చెయ్యడం నా పని. ఆ తొమ్మిదేళ్లలో నా బల్ల మీద భూకంపం లేని వారం లేదు. కానీ ఒక్కటీ భూమికి వచ్చింది కాదు. మంత్రి రాజీనామా చేస్తే ఎర్త్‌క్వేక్. మర్నాడు ఇంకో ఇద్దరు అలిగితే ఆఫ్టర్‌షాక్స్. షేర్ల ధర పడితే ట్రెమర్స్. గొడవ మొదలైన ఇల్లు ఎపిసెంటర్. సినిమా జంట విడిపోతే దానికీ సీస్మిక్ అనే మాట. పార్టీలో ఫాల్ట్ లైన్స్ అని వస్తే నేను "లుకలుకలు" అని రాసేదాన్ని, మా ఎడిటర్ భుజం తట్టేవాడు. "ఈ వారం ఎన్ని రిక్టర్లమ్మా?" అని అడిగేవాడు రోజూ. నవ్వుకునేవాళ్లం. అలా నవ్వి నవ్వి, ఆ మాటలకి భూమితో ఏదో సంబంధం ఉందన్న సంగతే నేను మర్చిపోయాను.

రెండేళ్ల కిందట నిజంగా భూమి కదిలింది. మీ ఊళ్లో ఇంకే పెద్ద కట్టడానికీ ఏమీ కాలేదు, నువ్వు కట్టిన లైబ్రరీ తూర్పు సగం మాత్రం నేలమట్టమైంది. ఆ సమయానికి పత్రికల గదిలో ఉన్న లైబ్రరీ మేడం ఆరు గంటలు దూలం కింద ఉండిపోయింది. కుడి పాదం తీసేయాల్సి వచ్చింది. బయటినుంచి శాస్త్రజ్ఞులు వచ్చి నూట పది పేజీల రిపోర్టు ఇంగ్లీషులో రాసిచ్చి వెళ్లిపోయారు. దాన్ని రెండు రోజుల్లో తెలుగు చెయ్యమని మా ఆఫీసుకి పంపారు. తొందరలో నలుగురికి పంచారు. పటాలూ కొలతలూ ఉన్న పేజీలు మిగతావాళ్లకి వెళ్లాయి. నాకు చివరి నాలుగు పేజీలు వచ్చాయి. అందులో లైబ్రరీ అన్న పేరు కూడా లేదు, "సి కట్టడం" అని ఉంది.

ఆ వాక్యం నాకిప్పుడు కంఠతా వచ్చు. తూర్పు గోడ కింద ఉన్న ఫాల్ట్ వల్ల సి కట్టడం కూలింది. ఆ ఫాల్ట్ మొదటినుంచీ ఉంది, దాన్ని కనిపెట్టి ఉండాల్సింది. ఇంతే. ఫాల్ట్ అంటే తప్పు, లోపం. గోడ కింద ఉండేది పునాది. నేను రెండో ఆలోచన లేకుండా "తూర్పు గోడ పునాదిలో ఉన్న లోపం" అని రాశాను. కింద "అనువాదం సరైనదని ధ్రువీకరిస్తున్నాను" అన్న ముద్ర వేసి సంతకం పెట్టాను. ఆ తర్వాత ఇంగ్లీషు ప్రతి బీరువాలోకి పోయింది, తెలుగు ప్రతి కమిటీ బల్ల మీదికి వెళ్లింది. సి కట్టడం అంటే నీ లైబ్రరీ అని వారం తర్వాత పేపర్లో చూసి తెలుసుకున్నాను.

అప్పుడు నేనేం చేశానో నీకు చెప్పక్కర్లేదు. అయినా రాస్తాను. ఆదివారం బస్సెక్కి మీ ఇంటికి వచ్చాను. నువ్వు వరండాలో కూర్చుని చెప్పు తెగితే కుట్టుకుంటున్నావు.

"బాబాయ్, పునాదిలో తేడా చేశావా?" అన్నాను.

నువ్వు తల ఎత్తలేదు. పిన్ని లోపల్నుంచి "ఏమడుగుతున్నావే, బుద్ధుందా?" అని అరిచింది. నువ్వు సూది ఆపి అలాగే ఉండిపోయావు. ఆ మౌనం చూసి నాకు ఒళ్లు మండింది. "నాన్న పోయాక నీ ఇంట్లో పెరిగానని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది" అన్నాను. మంచినీళ్లు కూడా ముట్టకుండా తిరుగు బస్సెక్కాను. రెండేళ్లు. నువ్వు రాసిన మూడు కార్డులకి జవాబివ్వలేదు. నా తప్పు అనువాదాన్ని నేనే నమ్మి, నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషికి శిక్ష వేశాను.

నిన్న తెలిసింది. భూకంపం వస్తే ఏం చెయ్యాలో చెప్పే చిన్న పుస్తకం రెండు భాషల్లో వేస్తున్నారు. మాటలు సరిచూడటానికి భూగర్భ శాఖ నుంచి ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. నా పత్రిక రోజుల గురించి చెప్తే ఆవిడ నవ్వలేదు. "మా మాటలన్నీ మీరు అరువు తీసుకుని పెళ్లిళ్లకీ పార్టీలకీ వాడేశారు. ఇప్పుడు మేం ఉన్నదున్నట్టు చెప్పినా ఎవరికీ భయం వెయ్యడం లేదు" అంది. తర్వాత ఫాల్ట్ అన్న మాట వచ్చింది. నేను "లోపం" అని రాసుకుంటుంటే ఆవిడ నా పెన్ను పట్టుకుంది. "లోపం ఏమిటండీ? భూమిలో పగులు. ఇటు పొర ఇటూ, అటు పొర అటూ జారిన చోటు. మా పుస్తకాల్లో భ్రంశం అంటాం" అని కాగితం మీద గీసి చూపించింది.

ఆ గీత చూసి పెన్ను మూసేసి లేచాను. "ఒంట్లో బాగాలేదా?" అని ఆవిడ అడిగింది. బీరువా తాళం తీయించి రిపోర్టు బయటికి తీసి, మిగతా మూడు భాగాలూ కలిపి చదివాను. లైబ్రరీ కిందినుంచి పగులు పోతోంది బాబాయ్. పటం కూడా ఉంది. కనిపెట్టి ఉండాల్సింది నువ్వు కాదు, ఆ స్థలం మంచిదని కాగితం ఇచ్చిన సర్వే ఆఫీసు.

రేపు సవరించిన అనువాదం, ఎలా తప్పు జరిగిందో చెప్తూ నా సంతకంతో కమిటీకి పంపుతున్నాను. నా ఉద్యోగం ఏమవుతుందో తెలీదు. అది నీకు అనవసరం. నన్ను క్షమించమని అడిగే మొహం లేదు. విచారణ రోజు తలెత్తుకుని వెళ్లు, అంతే.

నీ
పలక

—

9వ తేదీ

పలకమ్మకి,

నీ ఉత్తరం వచ్చింది. నేను మూడుసార్లు చదివాను. నాలుగోసారి పిన్ని లాక్కుని చదివింది. చదివి గుమ్మంలోకి వెళ్లి, ఎదురింటావిడకీ పక్కింటావిడకీ వినబడేలా చదివింది. "మా ఆయన మీద పడ్డ మచ్చ పోయింది" అని ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. రెండేళ్లుగా తలుపు మూసుకుని ఉన్న మనిషి ఇప్పుడు వీధి వీధంతా తిరిగొస్తోంది. ఇప్పుడు కూరగాయలకి వెళ్లింది. వచ్చేలోపు ఇది రాసి డబ్బాలో వెయ్యాలి. నా రాత కోడి గీరినట్టు ఉంటుంది, సర్దుకో.

నువ్వు ఏడవకు. నీ మీద నాకు కోపం ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు. ఎందుకు లేదో చెప్పాలి. చెప్పకపోతే నీ ఉత్తరం కింద పడి నలిగిపోయేట్టున్నాను.

తూర్పు గోడకి ప్లాన్‌లో పునాది ఆరడుగులు. నాలుగున్నర దగ్గర రాయి తగిలింది. గడ్డపార వేస్తే ఖంగుమంది. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. వాన పడితే కందకం చెరువైపోతుంది, పది రోజుల పని మట్టిపాలు. ప్రారంభం తేదీ అప్పటికే వేసేశారు. రాయే కదా, ఇంతకన్నా గట్టి అడుగు ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాను. ఆ రాయి మీదే కాంక్రీటు పోయించాను. కొలత చూడాల్సిన ఇంజనీరు చినుకుల్లో కందకంలోకి దిగలేదు, గట్టు మీదే నిలబడి "ఆరే కదా మేస్త్రీ?" అన్నాడు. "ఆరేనండి" అన్నాను. ముప్పై ఏళ్ల పనిలో కొలత విషయంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. మీ పిన్నికి కూడా చెప్పలేదు.

గోడ కూలిన రోజు మేడంని బయటికి తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె పాదం చూశాను. తర్వాత నెలకి ఆ తెలుగు కాగితం వచ్చింది, పునాదిలో లోపం అని. నాకేమనిపించిందో తెలుసా? కనిపెట్టేశారు అనిపించింది. ఇంత చదువుకున్నవాళ్లు, మిషన్లు పెట్టి నేల అడుగున చూసేవాళ్లు, నా ఒకటిన్నర అడుగూ పట్టేశారు అనుకున్నాను. అందుకే ఎదురు చెప్పలేదు. నా తరఫున వాదించడానికి వచ్చిన వకీలు "ఇది తప్పని అనండి చాలు" అని మొత్తుకున్నాడు. ఏ నోటితో అనను? నువ్వొచ్చి అడిగిన రోజూ అంతే. నీతో అబద్ధం చెప్పలేను. నిజం చెప్తే పిన్ని వింటుంది. అందుకే చెప్పు కుట్టుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరంతో తెలిసింది, ఎవరూ ఏమీ కనిపెట్టలేదని. ఆ ఒకటిన్నర అడుగు సంగతి ఇవాళ్టికీ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు నీకు.

నువ్వు తప్పు రాశావు, నిజమే. కానీ నాకు మాత్రం అది తప్పుగా కనబడలేదమ్మా. ఏం చెయ్యాలో తోచడం లేదు. పిన్ని చెప్పుల చప్పుడు వినబడుతోంది. ఉంటాను.

బాబాయ్

—

13వ తేదీ

బాబాయ్,

నీ ఉత్తరం చదివి చింపేశాను. చింపి, ముక్కలన్నీ ఏరి మళ్లీ కవర్లో పెట్టాను. నా స్థితి అలా ఉంది.

ఇక్కడి సంగతి చెప్తాను. నా సవరణ కమిటీకి చేరింది. మా పెద్దాయన నన్ను పిలిచి, "రెండేళ్ల తర్వాత ఎవరడిగారమ్మా నిన్ను? తవ్వి తలకెత్తుకుంటావా?" అన్నాడు. నా ముద్ర తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. విచారణ తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. విచారణకి కూడా వెళ్లకూడదట, రాతపూర్వకంగా ఇచ్చింది చాలట. నేను దానికేమీ బాధపడటం లేదు. భూగర్భ శాఖావిడ నిన్న ఫోన్ చేసింది. సవరించిన కాగితం వచ్చాక మేస్త్రి మీద కేసు నిలబడదట. ఆవిడ కూడా విచారణకి వస్తోంది, పగులు గురించి చెప్పడానికి.

అందుకే రాస్తున్నాను. నువ్వు నోరు మెదపకు.

ఈ మాట నేనే రాస్తున్నానా అని నాకే ఆశ్చర్యంగా ఉంది. "తేడా చేశావా" అని నీ వరండాలో నిలబడి అరిచిన మనిషినే నేను. ఇప్పుడు తేడా చేశావని నువ్వే చెప్తుంటే దాచమంటున్నాను. కానీ ఆలోచించు. ఆరడుగులు తవ్వినా ఆ గోడ కూలేది, దాని కిందే నేల చీలింది కదా. నీ ఒకటిన్నర అడుగు వల్ల మేడం పాదం పోలేదు. అలా పోయిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. నువ్వు చెప్తే సర్వే ఆఫీసు వాళ్లు పండగ చేసుకుంటారు. "చూశారా, మేస్త్రిదే తప్పు" అని మొత్తం నీ నెత్తినే రుద్దుతారు. నిజమైన పగుల్ని మళ్లీ కప్పేస్తారు. మీ ఊళ్లో ఆ గీత మీద ఇంకేం కట్టారో, ఎవరు పడుకుంటున్నారో ఎవరూ చూడరు. నీ నిజాయితీ వల్ల ఇంకో ఇల్లు కూలితే?

పిన్ని సంగతి కూడా చూడు. ఇప్పుడిప్పుడే నలుగురిలోకి వెళ్తోంది అన్నావు.

ఇది నేను నీ కోసం రాస్తున్నానో, నా కోసం రాస్తున్నానో నాకు తెలీదు. నువ్వు తప్పు చెయ్యలేదని నమ్మి నేను ఒక్క వారమే బతికాను, బాబాయ్. ఆ వారం నా దగ్గరనుంచి తీసుకోకు.

అడిగినదానికే జవాబు చెప్పు. ఎక్కువ మాట్లాడకు. కాళ్లు పట్టుకుంటున్నాను.

పలక

—

23వ తేదీ

పలకమ్మకి,

నిన్న విచారణ అయింది. నువ్వు అన్నం నీళ్లు మానేసి కూర్చుని ఉంటావు. ముందు ఏమైనా తిని, ఆ తర్వాత చదువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే వెళ్లాను. చెప్పకూడదనే అనుకుని వెళ్లాను, ఒట్టు. నువ్వు రాసినవన్నీ సబబుగానే తోచాయి. పిన్ని ఇస్త్రీ చొక్కా తొడిగి పంపింది, తనూ వచ్చి ముందు వరసలో కూర్చుంది. మేడం కూడా వచ్చింది, చంకలో కర్రతో. నన్ను చూసి నవ్వింది. రెండేళ్లుగా ఊళ్లో అందరూ నన్ను అంటుంటే, "ఆయన అలాంటివాడు కాదు, నేను చూశాను ఆయన పని" అని ప్రతి చోటా నా కోసం పోట్లాడింది ఆవిడొక్కతే. నాకు పేపరు కూడబలుక్కోకుండా చదవడం నేర్పింది కూడా ఆవిడే, ఆ లైబ్రరీలోనే.

ముందు నీ సవరణ చదివారు. గదిలో గుసగుసలు. తర్వాత భూగర్భ శాఖావిడ గోడ మీద పటం వేలాడదీసి చెప్పింది. సర్వే ఆఫీసు తరఫున వచ్చిన పెద్దమనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్ద అధికారి నా వైపు తిరిగి, "మేస్త్రీ, మీరు చాలా బాధపడి ఉంటారు. మీరేమైనా చెప్పుకుంటారా, లేక ముగించేద్దామా?" అన్నాడు.

ముగించండి అనబోయాను. అప్పుడు ఆ శాఖావిడ, నాకు మేలు చేద్దామనే పాపం, ఒక మాట కలిపింది. "ఆయన ప్లాన్ ప్రకారం ఆరడుగులు దిగారు. ఆ లోతులో పగులు కనబడలేదంటే ఇంకా కిందికి ఉందన్నమాట. అలాంటప్పుడు పైనుంచి చూసి ఎవరూ పోల్చుకోలేరు" అంది.

అంటే చూడు, నా అబద్ధపు ఆరడుగులు పట్టుకుని ఆవిడ లెక్క కడుతోంది. నువ్వు చెప్పిన ఆ గీత మీద ఇంకెక్కడ ఇళ్లున్నాయో, ఎంత లోతున వెతకాలో రేపు ఈ లెక్కతోనే చూస్తారు. ఆరడుగుల లోపు ఏమీ ఉండదు అనుకుని, అంతలోపే పగులు ఉన్న చోట్లని చూడకుండా వదిలేస్తారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆరు కాదండి. నాలుగున్నరే. కింద రాయి తగిలితే ఆపేశాను. ఆరని ఇంజనీరు గారికి అబద్ధం చెప్పాను" అన్నాను.

 శాఖావిడ పటం వదిలి నా దగ్గరికి వచ్చింది. "ఆ రాయి ఎలా ఉంది? పలకలాగానా, గుండులాగానా?" అని అడిగింది. పలకలాగా, ఒక పక్కకి ఒరిగి ఉంది అన్నాను. కాగితం మీద ఏదో గీసుకుంది. "దాన్ని లేపి ఉంటే పగులు మీకు కనిపించి ఉండొచ్చు. కనిపించకపోయీ ఉండొచ్చు. నేను కచ్చితంగా చెప్పలేను" అంది. పెద్ద అధికారి "కూలింది ఎందువల్ల మరి, భూమి వల్లా, ఈయన వల్లా?" అని గట్టిగా అడిగాడు. "విడదీసి చెప్పడం నా వల్ల కాదండి" అంది ఆవిడ.

ఇక ఫలితం. సర్వే ఆఫీసుకీ ఇంజనీరుకీ నోటీసులు వెళ్తున్నాయి. రెండేళ్ల కిందట తీసుకున్న నా లైసెన్సు ఇక ఎప్పటికీ ఇవ్వరు. కేసు కోర్టుకి పోతుంది. జైలు పడొచ్చు, పడకపోవచ్చు అంటున్నాడు వకీలు. నా పక్కన నిలబడి చెప్పడానికి కూడా ఇబ్బంది పడ్డాడు పాపం. ఆ గీత పొడుగునా రేపట్నుంచి తవ్వి చూస్తారట. ప్రాథమిక పాఠశాల దాని పక్కనే ఉందట. పిల్లల్ని ఇవాళే వేరే చోటికి మార్చారు.

బయటికి వచ్చాక మేడం దగ్గరికి వెళ్లాను. కాళ్ల మీద పడదామనుకున్నాను, ఉన్న ఒక్క పాదాన్నీ వెనక్కి తీసుకుంది. "మీ తరఫున రెండేళ్లు పోట్లాడాను మేస్త్రిగారూ. ఆ రెండేళ్లలో ఒక్కరోజైనా నాకు చెప్పాలనిపించలేదా?" అంది. నేను నోరు విప్పేలోపే వెళ్లిపోయింది. కర్ర చప్పుడు మెట్ల చివరిదాకా వినబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడమని అడిగే హక్కు నాకు లేదు.

ఆ శాఖావిడ మాత్రం గేటు దగ్గర నన్ను ఆపి నీ గురించి అడిగింది. నాకేమవుతావని. మా అన్న కూతురు, నేను పెంచిన పిల్ల అన్నాను. ఆ చిన్న పుస్తకం పని నువ్వే పూర్తి చెయ్యాలని మీ పెద్దాయనకి ఉత్తరం రాస్తానంది. తను రాసింది తప్పని తనే ఒప్పుకుని రాసిచ్చినవాళ్లని ఇంతవరకూ చూడలేదట. నేను ఆ పూట గుండె నిండా ఊపిరి పీల్చుకున్నది ఆ ఒక్క నిమిషమే.

నువ్వు చెప్పొద్దన్నావు, చెప్పాను. నువ్వు తీసుకోవద్దన్న ఆ వారాన్ని నీకు మిగల్చలేకపోయాను. కోపం వస్తే తిట్టు. ఈసారి జవాబిస్తాను, చెప్పు కుట్టుకుంటూ కూర్చోను.

పిన్ని సంగతి చెప్పలేదు కదూ. విచారణ గదిలోంచి లేచి ఒక్కతే నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. నిన్నట్నుంచి నాతో ఒక్క మాట లేదు. కంచం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, గోడకేసి చూస్తుంది. ముప్పై ఏళ్ల కాపురంలో మాట్లాడకుండా ఇంతసేపు ఉండటం ఇదే మొదలు. ఊళ్లోవాళ్లు ఏమన్నా పడగలను గానీ, ఇంట్లో ఈ నిశ్శబ్దం పడలేను. ఆదివారం పొద్దున బస్సుకి రా. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, తనతో మాట్లాడు. పక్క గదిలో కూర్చుని మీ ఇద్దరూ కలిసి నన్ను తిడుతుంటే వింటాను.

నీ
బాబాయ్